నల్లగొండ, పాలమూరు వచ్చినప్పుడు మంచి చెట్టు కల్లు వెతుక్కోవడం ఎలా

హైదరాబాద్‌లో ఉండే మా దోస్తులకు బీరు విషయంలో పట్టింపు ఎక్కువ. ఏ ఊరికి పోయినా అక్కడ సొంతంగా బీరు తయారుచేసే మైక్రోబ్రూవరీ ఎక్కడుందో ముందే వెతికి పెట్టుకుంటారు. ఏ గింజతో చేశారు, పీపా ఎప్పుడు తెరిచారు అని అడిగి మరీ తాగుతారు. వాళ్ళే నల్లగొండ వస్తే మాత్రం బస్టాండు దగ్గర వైన్స్‌లో ఏదో ఒక సీసా కొనుక్కుని లాడ్జి గదిలో కూర్చుంటారు. నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఊరు దాటి రెండు కిలోమీటర్లు పోతే పొలం గట్టు మీద తాడు, అంటే తాటిచెట్టు ఉంది. దాని మీద రాత్రంతా చుక్క చుక్క నిండిన లొట్టి, అంటే కల్లు కుండ ఉంది. తెల్లారి దాన్ని దించే గౌడన్న, అంటే కల్లు గీసే మనిషి ఉన్నాడు. ఆ లొట్టిలో ఉన్నదానికి ఏ బ్రూవరీ తాజాదనమూ సాటిరాదు.

బీరు వారాల పని. గింజ నానాలి, ఆరాలి, ఉడకాలి, పులియాలి. కల్లు గంటల పని. చెట్టు నుంచి కారే తియ్యని నీరు లొట్టిలో పడిన నిమిషం నుంచే పులవడం మొదలవుతుంది. నిన్నటి లొట్టిలో మిగిలిన ఈస్టే దానికి తోడు. పెరుగుకు తోడు వేసినట్టే అనుకోండి. కాబట్టి కల్లు మంచిదా కాదా అన్నది దుకాణం పేరు బట్టి తేలదు. ఏ చెట్టుది, ఎవరు గీశారు, ఎప్పుడు దించారు అన్న మూడు సంగతులే తేలుస్తాయి. ఈ మూడింటికీ జవాబు దొరికే చోటుకి చేరుకోవడం ఎలాగో కింద రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. తెలంగాణలో మద్యం తాగడానికి చట్టప్రకారం 21 ఏళ్ళు నిండాలి. కల్లు కూడా మద్యమే. తియ్యగా ఉంది కదా అని చిన్నపిల్లలకు పట్టించకండి.

ముందు నెల చూసుకోండి

ఊరికి ఎప్పుడు వస్తున్నారన్నదే సగం సంగతి. చలి మొదలయ్యాక, అంటే దసరా దాటినప్పటి నుంచి శివరాత్రి దాకా ఈత కల్లు కాలం. సంక్రాంతి దాటాక తాళ్ళు అందుకుంటాయి. ముందు పోత్తాడు, అంటే కాయ కాయని మగ చెట్టు. ఎండలు ముదిరాక పండుతాడు, అంటే ముంజలు కాసే ఆడ చెట్టు. ఊరిని బట్టి, ఆ ఏడు పడిన వానను బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది గానీ వరస ఇదే. వానాకాలం పెద్దగా ఆశ పెట్టుకోకండి. కల్లు పల్చగా ఉంటుంది. అంతకంటే ముఖ్యం, తడిసిన తాడు ఎక్కడం ప్రాణాల మీది పని.

రుచిలో తేడా తెలిసి రండి. ఈత కల్లు పల్చగా, తియ్యగా, తేలికగా ఉంటుంది. కొత్తగా తాగేవాళ్ళకు అదే నయం. పోత్తాడు కల్లులో తీపితో పాటు ఒక రకం వగరు తగులుతుంది. పండుతాడు చిక్కన, వాసన కూడా గట్టిది. నడి ఎండాకాలం, తెల్లారుజామున దించిన పండుతాడు నా లెక్కలో అన్నిటికంటే పైన. మా మేనమామ మాత్రం జీవితాంతం ఈత కల్లునే మెచ్చుకున్నాడు. ఈ పంచాయితీ మా ఇంట్లో తెగలేదు.

జూలైలో వచ్చి ఈత కల్లు కావాలని పట్టుబడితే, ఇదిగో అని ఎవరైనా తెచ్చిస్తే, అక్కడే అనుమానపడండి. కాలం కాని కాలంలో కోరినంత దొరికేది చెట్టు నుంచి వచ్చినది అయ్యే అవకాశం తక్కువ.

ఏ దిక్కు పోవాలి

హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద వస్తుంటే చౌటుప్పల్ దాటాక చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్ దాకా రెండు పక్కలా పొలం గట్ల మీద తాళ్ళు కనిపిస్తూనే ఉంటాయి. రామన్నపేట, మునుగోడు వైపు కూడా అంతే. నల్లగొండ పట్టణంలో దిగినవాళ్ళు పానగల్లు చూడ్డానికి పోతారు కదా, ఛాయా సోమేశ్వరాలయం, ఉదయసముద్రం. ఆ దారిలోనే పొద్దుగాల లేచి పోతే చెట్టు ఎక్కుతున్నవాళ్ళు కనిపిస్తారు. ఈదులు, అంటే ఈత చెట్లు, ఎక్కువగా వాగు ఒడ్డున, చెరువు కట్ట కింద, నీళ్ళ జాడ ఉన్నచోట పెరుగుతాయి.

గీసిన చెట్టును గుర్తుపట్టడం నేర్చుకోండి, సగం వెతుకులాట తగ్గుతుంది. ఈత చెట్టుకు కాండాన్నే గీస్తారు. ఒక ఏడు ఒక పక్క, మరుసటి ఏడు ఇంకో పక్క. అందుకే ముదురు ఈత చెట్టు మొదలు నుంచి తల దాకా గాట్లు గాట్లుగా, అటొక వంకర ఇటొక వంకరగా కనిపిస్తుంది. పైన పచ్చిగాటు, దాని కింద లొట్టి ఉంటే అది ఈ ఏడాది పారుతున్న చెట్టు. తాటిచెట్టు కాండానికి గాటు ఉండదు. దాని గెలల కొసల్ని పల్చగా చెక్కుతారు, ఆ కొస లొట్టిలోకి దించి కడతారు. కింద నిలబడి చూస్తే మట్టల మధ్య నల్లని లొట్టులు వేలాడుతూ కనిపిస్తాయి.

పాలమూరు వైపు పోయేవాళ్ళకు వేరే జాగ్రత్త చెప్పాలి. అది కింద విడిగా రాశాను, దయచేసి దాటెయ్యకండి.

పొద్దుమీకే మాట్లాడి పెట్టుకోండి

కొత్తవాళ్ళు చేసే పెద్ద పొరపాటు ఇక్కడే. పొద్దున ఏడింటికి చెట్టు కిందికి పోయి పొయ్యమంటారు. గౌడన్న లేదంటాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఊళ్ళో వాడిక ఉంటుంది. పాలవాడికి వాడిక ఇళ్ళు ఉన్నట్టే కల్లుకు కూడా రోజూ పోయించుకునేవాళ్ళు ఉంటారు. లొట్టి దిగకముందే అది ఎవరిదో తేలిపోయి ఉంటుంది. ఒక చెట్టు రోజుకు ఇచ్చేది కొద్ది లీటర్లే. అందుకే ముందురోజు సాయంత్రం మాట్లాడుకోవాలి.

ఎవరిని అడగాలి? లాడ్జి కౌంటర్ దగ్గర అడగకండి, వాళ్ళు దగ్గర్లో ఉన్న దుకాణం పేరే చెప్తారు. బస్టాండు దగ్గర చాయ్ కొట్టాయన, పల్లె నుంచి పాలు తెచ్చే ఆయన, ఎండాకాలమైతే ముంజలు అమ్మే అక్క, ఆదివారం మటన్ కొట్టే ఆయన, వీళ్ళకు తెలుస్తుంది. ముంజలు అమ్మే అక్కకైతే ఖాయంగా తెలుస్తుంది, ఆ ముంజలు కోసింది ఎవరో తాడెక్కిన మనిషే కదా.

అడిగే తీరు కూడా ముఖ్యం. "కల్లు ఎక్కడ దొరుకుతది?" అని అడిగితే దుకాణం చూపిస్తారు. "అన్నా, చెట్టు కల్లు దించే గౌడన్న ఎవరన్న ఉన్నరా? మీరు ఎవరి దగ్గర వాడిక పోసుకుంటరు?" అని అడగండి. చెట్టు కల్లు అన్న మాట వినగానే ఎదుటిమనిషికి మీకేం కావాలో తెలిసిపోతుంది. ఇద్దరు ముగ్గురిని అడగండి. వేరువేరు మనుషులు ఒకే పేరు చెప్పారంటే ఆ పేరు పట్టుకుని పోవచ్చు.

ఆ మనిషి దొరికాక మర్యాదగా మాట్లాడండి. వయసులో దగ్గరి మనిషైతే గౌడన్నా అనండి, పెద్దాయనైతే మామా అనో తాతా అనో పిలవండి. ఒట్టి కులం పేరుతో పిలవడం ఊళ్ళో కొందరికి అలవాటే, మీరు చెయ్యకండి. ఎంతమంది వస్తారో, ఎన్ని లీటర్లు కావాలో చెప్పండి. ధర అప్పుడే అడిగేయండి, కొంత చేతిలో పెట్టండి. ఆయన "ఆరింటికల్లా రా తమ్మీ" అంటే ఆరింటికే పోండి, ఏడింటికి కాదు.

అడగాల్సిన ఇంకో ప్రశ్న ఉంది. సొసైటీ కింద గీస్తున్నాడా, లేక సొంత లైసెన్సా అని. గీత కార్మికుల సహకార సంఘాలు ఉంటాయి, ఒక్కో మనిషికి విడిగా ఇచ్చే టీఎఫ్‌టీ (ట్రీ ఫర్ ట్యాపర్) లైసెన్సూ ఉంటుంది. నిజంగా చెట్టెక్కే మనిషి ఈ ప్రశ్నకు తడుముకోడు. ఏ చెట్లు తనవో వేలు పెట్టి చూపిస్తాడు.

చెట్టు కిందికి

తెల్లారుజామున పోవడంలో రెండు లాభాలు. రుచి ఒకటి. రెండోది, మీ కళ్ళ ముందే దిగుతుంది, ఇక ఏ అనుమానానికీ చోటుండదు.

ఆ పని ఒకసారి దగ్గర నుంచి చూడండి. నడుముకు, చెట్టుకు కలిపి మోకు చుట్టుకుంటాడు. కాళ్ళకు గుజి, అంటే పాదాలను కలిపి పట్టే బంధం వేసుకుంటాడు. వెనక నడుముకు కత్తుల పొది, పక్కన ఖాళీ లొట్టి. మోకును ఒక జానెడు పైకి ఎగరేసి, దాని మీద ఒరిగి, రెండు కాళ్ళు కలిపి పైకి జరుపుతాడు. మళ్ళీ మోకు, మళ్ళీ కాళ్ళు. మీరు ఫోన్ తీసేలోపు సగం చెట్టు ఎక్కేసి ఉంటాడు. పైన మట్టల మధ్య కూర్చుని, నిండిన లొట్టిని వంచి తెచ్చుకున్న లొట్టిలో పోసుకుంటాడు, గెల కొసను కత్తితో కాగితం మందాన ఒక పొర తీస్తాడు. ఆ పొర మరీ మందమైతే గెల తొందరగా అయిపోతుంది, మరీ పల్చనైతే ధార ఆగిపోతుంది. ఈ పని ఆయన పొద్దున, సాయంత్రం, కొన్ని చెట్లకు మధ్యాహ్నం కూడా చేస్తాడు. ఒక్కరోజు మానేస్తే చెట్టు అలుగుతుందంటారు. నిజంగానే కొస ఎండి ధార తగ్గుతుంది.

ఆయన పైన ఉన్నప్పుడు కింద నుంచి కేకలెయ్యకండి, మాట్లాడించకండి. తాడు మీద నుంచి పడి నడుములు విరిగినవాళ్ళు, ప్రాణం పోయినవాళ్ళు మా జిల్లాలో ఊరికొకరు దొరుకుతారు. 2024 జూలైలో ప్రభుత్వం కాటమయ్య రక్ష పేరుతో భద్రతా కిట్లు పంచడం మొదలుపెట్టింది. కాటమయ్య గౌడుల కులదైవం. మీరు పోయినచోట ఆ కిట్టు వాడుతుంటే, ఎక్కడానికి ఆలస్యమైనా సరే, ఓపిక పట్టండి.

దిగినాక లొట్టిలోకి చూడండి. పైన నురగ కదులుతూ ఉంటుంది. చెవి దగ్గర పెడితే చిరచిరమని సన్నని చప్పుడు వినిపిస్తుంది. అది పులుస్తున్న చప్పుడు. ఒకటో రెండో తేనెటీగలు, చీమలు తేలుతుంటాయి. అసహ్యపడకండి, వడకట్టి పోస్తాడు. నేనైతే చీమ కనిపించని కల్లును చూస్తేనే కంగారుపడతాను.

రేక పట్టడం

చెట్టు కింద గ్లాసు అడగకండి. లేత తాటాకు విప్పి, మధ్యలో లోతు వచ్చేలా మడిచి, దోనెలాగా చేసి ఇస్తాడు. అదే రేక. కింద గొంతుక్కూర్చోండి. రెండు చేతుల వేళ్ళు కింద ఆనించి, రెండు బొటనవేళ్ళు అంచుల మీద పెట్టి, ఒక కొస పెదవులకు ఆనించుకోండి. ఆయన ఇంకో కొస నుంచి లొట్టి వంచి పోస్తాడు. గుటకకూ గుటకకూ మధ్య పెద్దగా ఖాళీ ఇవ్వకుండా తాగాలి. ధార ఆపమనడానికి తల కొంచెం పైకెత్తి "సాలు" అంటే చాలు. మొదటిసారి సగం చొక్కా మీద పడుతుంది, తెల్లచొక్కా వేసుకుని పోకండి. ఆకు వాసన కల్లు వాసనతో కలిసి ముక్కుకు తగులుతుంది. గ్లాసులో ఎంత మంచి కల్లు పోసినా అది దొరకదు.

గడియ గడియకూ రుచి మారుతుంది, అదీ గమనించండి. పొద్దున ఆరింటికి తీపి ముందు, పులుపు వెనక. ఎనిమిదింటికి రెండూ సమంగా ఉంటాయి, నాలుక మీద చురుకు తగులుతుంది. నాకు ఇష్టమైన గడియ అది. పదకొండు దాటితే పులుపు పైచేయి. మధ్యాహ్నానికి తలకు ఎక్కే కల్లు, అలవాటున్నవాళ్ళ కల్లు. సాయంత్రానికి పుల్లబడి ముక్కు పగిలే వాసన వేస్తుంది, ఇంకా ఉంచితే వెనిగర్ అవుతుంది. తాజా కల్లులో ఆల్కహాల్ సుమారు నాలుగైదు శాతం దాకా పోతుంది, అంటే మామూలు బీరంత. తియ్యగా దిగుతుంది కదా అని లీటర్లు పట్టిస్తే కడుపు ఉబ్బుతుంది, తర్వాత తల తిరుగుతుంది. మొదటిసారికి రెండు మూడు రేకలు చాలు.

తోడుగా ఏం తినాలి? గుడాలు. శనగలో, మక్కలో, అలసందలో ఉడకబెట్టి ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసి తిప్పినవి. పొద్దున్నే అయితే అవే కడుపుకు చల్లన. ఆదివారమైతే బోటి కూర, వాగు పక్కనైతే వేయించిన చేపలు. ఉత్త కడుపుతో మాత్రం తాగకండి.

ఆడవాళ్ళు కూడా వస్తున్నారా? పల్లెల్లో పండుగకూ పబ్బానికీ ఆడవాళ్ళు కల్లు తాగడం తరాల నుంచి ఉన్నదే, ఎవరూ తప్పుగా చూడరు. కానీ మగవాళ్ళు గుంపుగా కూర్చున్న దుకాణానికి కాకుండా తోటలోకి పోండి, ముందురోజే "ఇంటోళ్ళతోని వస్తున్నం అన్నా" అని చెప్పండి. ఆయన ఒక పక్కన చెట్టు కింద చాప వేయిస్తాడు.

మద్యం వద్దనుకునేవాళ్ళు నీరా అడగండి. లొట్టి లోపల సున్నం పూస్తే పులవడం ఆగుతుంది, తియ్యని నీరు తియ్యగానే మిగులుతుంది. చల్లగా ఉంచుకోవాలి, తొందరగా తాగాలి. హైదరాబాద్‌లో నెక్లెస్ రోడ్డు మీద 2023లో నీరా కేఫ్ తెరిచాక చాలామందికి దీని పేరు తెలిసింది. ఊళ్ళో అయితే ముందురోజే చెప్పి సున్నపు లొట్టి కట్టించుకోవాలి.

మందు కల్లు: ఇది తెలియకుండా పోకండి

ఇప్పుడు అసలు భయం సంగతి. మా దిక్కున కల్లు రెండు రకాలు. ఒకటి చెట్టు కల్లు, రెండోది మందు కల్లు. రెండోదాంట్లో చెట్టు కల్లు ఎంతో చెప్పలేం. నీళ్ళలో తీపికి శాకరిన్, తెలుపుకు ఇంకేదో, మత్తుకు క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం లాంటి మందులు. నిద్రకూ ఆందోళనకూ డాక్టర్ చీటీ మీద ఇచ్చే మందులు అవి. కొలత లేకుండా కలుపుతారు. ఆబ్కారీ వాళ్ళు వీటిని పట్టుకున్న కేసులు ఏళ్ళ తరబడి వస్తూనే ఉన్నాయి. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు.

పాలమూరు వైపు పట్టణాల్లో సీసా కల్లు వ్యాపారం పెద్దది. అక్కడ మంచి గౌడన్నలు లేరని కాదు, చెట్లు లేవని కాదు. జడ్చర్ల చుట్టుపక్కల, నాగర్‌కర్నూల్ వైపు పల్లెల్లో నేను మంచి ఈత కల్లు తాగాను. కానీ ఎండలో రాళ్ళు మోసి, మట్టి తవ్వి వచ్చిన మనిషికి ఒళ్ళునొప్పులు మరిచిపోయే మత్తు కావాలి, అదీ పది ఇరవై రూపాయల్లో కావాలి. ఆ అవసరం మీద పుట్టింది మందు కల్లు. తాగేవాళ్ళ మీద నాకు కోపం లేదు. కలిపేవాళ్ళను మాత్రం క్షమించలేను.

నాకు జరిగింది చెప్తాను. కొన్నేళ్ళ కింద అటువైపు ఒక పట్టణంలో, మిట్టమధ్యాహ్నం, బస్సుకు ఇంకా టైముందని ఒక దుకాణంలో రెండు సీసాలు తాగాను. చల్లగా, తియ్యగా ఉంది. పులుపు లేదు. మధ్యాహ్నం రెండింటికి పులుపు లేని కల్లు ఏమిటని నేను ఆ క్షణాన అడగాల్సింది, అడగలేదు. అరగంటలో నాలుక మందమైంది. బస్టాండు బెంచీ మీద కూర్చున్నది గుర్తుంది. లేచేసరికి చీకటి. పక్కన కూర్చున్న ఒక ముసలమ్మ నా బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కాపలా ఉంది. "గంట గంటకు నీ ముక్కు కాడ చెయ్యి వెట్టి చూసిన బిడ్డా, పానం ఉన్నదా లేదా అని," అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.

అందుకే ఈ గుర్తులు. మధ్యాహ్నమైనా సాయంత్రమైనా ఒకే రుచి, ఒకే తీపి ఉంటే అనుమానించండి. నిజమైన కల్లు ఒక్క గంట కూడా ఒకే తీరుగా ఉండదు. సున్నం కలిపినట్టు తెల్లగా ఉండి, సీసా అడుగున పిండిలా పేరుకుంటే వదిలేయండి. తాగాక నాలుక చేదు పట్టినా, ఒక్క సీసాకే కళ్ళు మూతపడుతున్నా, మాట ముద్దవుతున్నా ఆపేయండి. మితంగా తాగితే చెట్టు కల్లు మత్తు నెమ్మదిగా వస్తుంది, ఒక్క సీసాకే మనిషిని పడగొట్టదు.

వీటన్నిటికంటే గట్టి పరీక్ష లెక్క. దుకాణంలో రోజుకు ఎన్ని పెట్టెలు అమ్ముతున్నారో చూడండి. చుట్టూ ఎన్ని చెట్లకు లొట్టులు ఉన్నాయో చూడండి. ఏడాది పొడుగునా వందల సీసాలు పోతూ, కనుచూపు మేరలో పది ఈదులు కూడా లేకపోతే ఆ కల్లు ఎక్కడి నుంచి వచ్చినట్టు? నాలుక మోసపోతుంది, మంచి చేయి తిరిగినవాడు కలిపితే వాసన కూడా పట్టుకోలేం. లెక్క మోసపోదు. అనుమానం తీరకపోతే తాగకండి.

ఎవరైనా తాగి స్పృహ తప్పినా, ఊపిరి మెల్లబడినా, వాంతులు ఆగకపోయినా 108కి ఫోన్ చెయ్యండి. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నిమ్మరసం, మజ్జిగ అంటూ నోట్లో ఏమీ పొయ్యకండి. మిగిలిన కల్లు సీసాతో సహా ఆస్పత్రికి తీసుకుపోండి, డాక్టర్లకు పనికొస్తుంది. ఇంకొకటి కూడా తెలుసుకోవాలి. రోజూ మందు కల్లు తాగేవాళ్ళు ఉన్నట్టుండి మానేస్తే చేతులు వణకడం, ఫిట్స్ రావడం, పిచ్చి పట్టినట్టు మాట్లాడటం జరుగుతుంది. అది మందు అలవాటు వల్ల వచ్చే జబ్బు. అలాంటివాళ్ళు మీ ఇంట్లో ఉంటే తిట్టి గదిలో పెట్టకండి, ఆస్పత్రికి తీసుకుపోయి డాక్టర్ చెప్పినట్టు మెల్లగా మాన్పించండి.

షుగర్ ఉన్నవాళ్ళు, కాలేయం జబ్బున్నవాళ్ళు, నిద్రమాత్రలు వాడేవాళ్ళు, గర్భిణులు చెట్టు కల్లు అయినా జోలికి పోకండి. కల్లు మీద బీరో విస్కీయో తాగడం కూడా వద్దు.

ఇంటికి తీసుకుపోవాలంటే

వీలైతే తీసుకుపోకండి. తప్పదంటే వెడల్పు మూతి ఉన్న స్టీలు క్యాను తెచ్చుకోండి. మూడోవంతు ఖాళీ వదలండి, మూత బిగించకండి. పులుస్తున్నకొద్దీ గాలి పుడుతుంది, బిగించిన ప్లాస్టిక్ సీసా ఉబ్బి ఉబ్బి కారులో పేలుతుంది. గాజు సీసా అయితే ఇంకా ప్రమాదం. ఐసు గడ్డల మధ్య పెడితే పులుపు కొంచెం నెమ్మదిస్తుంది, అంతే. నల్లగొండలో ఏడింటికి దించింది హైదరాబాద్ ఇంట్లో పదింటికి తాగితే బాగానే ఉంటుంది. మధ్యాహ్నం భోజనానికని దాచుకుంటే అది వేరే కల్లు.

బండి నడిపే మనిషి మాత్రం తాగకూడదు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసు అవుతుంది. అది కల్లుదా, బీరుదా అని మిషను అడగదు. హైవే మీద తాడు కింద క్యాన్లు పెట్టుకుని అమ్మేవాళ్ళ దగ్గర ఆగి, తాగి, మళ్ళీ స్టీరింగు పట్టుకోవడం రోజూ చూస్తుంటాను. ఆ క్యానులోది ఎప్పుడు దించిందో కూడా మీకు తెలియదు. రెండు కారణాలకూ అక్కడ ఆగకండి. రాత్రి ఊళ్ళోనే ఉండేలా వస్తే అన్నీ కుదురుతాయి.

బీరే కావాలనేవాళ్ళకు

మైక్రోబ్రూవరీ బీరు కోసమైతే హైదరాబాద్‌లోనే తాగి రండి. ఇక్కడ వైన్స్‌లో కొంటే సీసా మీద తయారైన తేదీ చదవండి, రెండు మూడు నెలల లోపుది తీసుకోండి. గోధుమ బీర్లకు ఇది ఇంకా ముఖ్యం, వాటి వాసన తొందరగా పోతుంది. ఎండ తగిలే అద్దాల పక్కన నిలబెట్టిన పచ్చ సీసా వద్దు, వెలుతురుకు బీరు కంపు కొడుతుంది. వెనక పెట్టెలోంచి తీయించి చల్లబరుచుకోండి. ఎండాకాలం ఇక్కడ గోదాముల వేడి తెలుసు కదా.

తిరిగి పోయేటప్పుడు

లెక్క ప్రకారం డబ్బులు ఇచ్చి, చెట్టెక్కినందుకు పైన కొంత పెట్టండి. వాడిన రేకలు పొలంలో పడెయ్యకుండా ఒకచోట పోగుపెట్టండి. లొట్టి మీ దగ్గరికి వచ్చి ఉంటే కడగకుండానే తిరిగి ఇవ్వండి. దాన్ని ఎంత కడగాలో, ఎప్పుడు పొగ పెట్టాలో ఆయన ఇష్టం. రేపటి కల్లు రుచి అందులోనే ఉంది.

ఆయన ఫోన్ నంబరు తీసుకుని, పేరు పక్కన ఊరి పేరు కూడా రాసుకోండి. ఆ తర్వాత, "అన్నా, ఈదులు ఎప్పటిదాకా? పోత్తాడు ఎప్పుడు దించుతవు?" అని అడగండి. తలెత్తి చెట్లను ఒకసారి చూసి, ఏ నెలో, ఏ పండుగ దాటాకో చెప్తాడు. ఆ తేదీకి సెలవు పెట్టుకోండి.